చోటు మారినా బతికే మొక్కలు: రెండు అక్వేరియంల దీర్ఘకాల సమీక్ష

అక్వేరియంలో సజీవమైన మొక్కలు పెంచాలనుకునేవారు ముందుగా అడిగేది ఏ మొక్క తేలికగా బతుకుతుందని. ఒక తొట్టిని అక్వా సాయిల్ పేరుతో అమ్మే, పోషకాలు నింపిన మట్టి రేణువుల మీదా, ఇంకొక దాన్ని మామూలు సన్నని గులక మీదా కొన్నేళ్లుగా నడుపుతున్న నాకు, నాటిన మొక్కను కొంతకాలానికి పెకలించి వేరే చోట పెడితే అది తట్టుకుంటుందా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న అనిపిస్తోంది. చోటు మార్చక తప్పని పరిస్థితి ప్రతి తొట్టిలోనూ వస్తుంది. ముందువరుసలో పెట్టినది నీటిమట్టం దాకా లేచి చేపలను కనబడనివ్వదు, వెనుక పెట్టినది నీడ పడి కింది ఆకులన్నీ రాల్చుకుంటుంది. కాబట్టి ఈ రెండు రకాల అడుగుపొరలనూ, వాటిలో పెంచిన మొక్కలనూ ఆ కొలతతోనే అంచనా వేస్తున్నాను.

పెరుగుదల మాత్రమే చూస్తే మట్టి రేణువులకు తిరుగులేదు. వేళ్ల ద్వారా ఎక్కువగా పోషకాలు తీసుకునే అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ వంటివి వాటిలో వేసే ఆకుల వెడల్పు, గులకలోని వాటి కంటే స్పష్టంగా ఎక్కువ. ఈ రేణువులు నీటిలోని కార్బొనేట్లను పీల్చుకుని పీహెచ్‌ను కొంత తగ్గిస్తాయి, ఇది చాలా నీటిమొక్కలకు అనుకూలమే. అయితే కొత్తలో కొన్ని వారాల పాటు వాటి నుంచి అమోనియా వెలువడుతుంది కనుక, పరీక్షలో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా చేపలను వదలకూడదు. ఈ సంగతి సంచి మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు.

అసలు చిక్కు చోటు మార్చేటప్పుడు బయటపడుతుంది. బాగా వేరూనిన అమెజాన్ స్వోర్డ్‌ను లాగితే, అరచేతి వెడల్పున అల్లుకున్న వేళ్లతో పాటు అడుగున పేరుకున్న మడ్డి అంతా పైకి లేచి నీరు టీ రంగుకు తిరుగుతుంది. రేణువులు కాలం గడిచేకొద్దీ మెత్తబడి, చేతివేళ్ల మధ్య నలిపితే పిండిగా మారతాయి, అందువల్ల కదిలించిన ప్రతిసారీ పొర ఇంకాస్త బిగుసుకుపోతుంది. పైగా వాటిలోని పోషకాలు ఏడాది, రెండేళ్లలో తరిగిపోతాయి, ఆ తరువాత గులకలో మాదిరిగానే వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చాల్సిందే. గులకలో ఆ బిళ్లలు మొదటి రోజు నుంచీ కావాలి, కానీ రెండు మూడు మిల్లీమీటర్ల గులక ఎన్నిసార్లు తవ్వినా గులకగానే ఉంటుంది. తరచూ అమరిక మార్చే అలవాటున్నవారికి నేను గులకనే సూచిస్తాను. ఒకసారి నాటి, కత్తెర తప్ప చెయ్యి పెట్టనివారికి మట్టి రేణువులు.

మొక్కల విషయానికి వస్తే, కొనుక్కొచ్చిన తొలి నెలను బట్టి దేనినీ తీర్మానించలేం. నర్సరీలలో వీటిలో చాలావాటిని నీటి పైన, తేమగాలిలో పెంచుతారు. నీటిలో మునిగాక ఆ పాత ఆకులు పసుపెక్కి పోతాయి, నీటిలో పుట్టిన కొత్త ఆకు సన్నగా, పలుచగా, ఒక్కోసారి వేరే రంగులో వస్తుంది. చిగురు ఎలా ఉందన్నదే చూడాలి.

చోటు మార్పును అన్నిటికంటే ఎక్కువగా సహించనిది క్రిప్టోకొరైన్. కదిపిన కొద్ది రోజులకే ఆకు అంచు గాజులా పారదర్శకమవుతుంది, తరువాత తొడిమ జావలా మెత్తబడి ముట్టుకుంటే ఊడి వస్తుంది. చనిపోయిందని పారేసేవారు ఇక్కడే నష్టపోతారు. వేళ్లూ కాండపు మొదలూ గట్టిగా ఉంటే, ఆ కుళ్లిన ఆకులను మాత్రం తీసేసి వదిలేయాలి, కొన్ని వారాలకు కాండపు మొదలు దగ్గరే గొట్టంలా చుట్టుకున్న గోధుమరంగు చిగురు పొడుచుకు వస్తుంది. ఒకే చోట ఏళ్ల తరబడి ఉంచగలిగితే దీనంత నమ్మకమైన మొక్క లేదు.

కాండపు మొక్కలైన హైగ్రోఫిలా, రొటాలా, లుడ్విజియాలకు అసలు పెకలించే అవసరమే లేదు. కణుపు కింద కత్తిరించి, అడుగున రెండు కణుపుల ఆకులు గిల్లేసి, పొడవైన పట్టకారుతో మొదలు పట్టుకుని ఏటవాలుగా గుచ్చి, పట్టు వదిలాక పట్టకారును కాస్త అటూ ఇటూ కదిలిస్తూ బయటికి తీస్తే మొక్క తేలిపోదు. నేలలో మిగిలిన మొదలు పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. రేణువులు తేలికైనవి కనుక కొత్త ముక్కలు మట్టి తొట్టిలోనే ఎక్కువగా పైకి తేలుతాయి, గులక బరువు ఇక్కడ కలిసొస్తుంది.

నా తూకంలో అన్నిటికంటే మొగ్గేవి అనుబియాస్, జావా ఫెర్న్. వీటి అడ్డంగా పాకే కాండాన్ని నేలలో పూడ్చితే కుళ్లుతుంది, రాయికో దుంగకో కట్టాలి. నూలుదారంతో కట్టవచ్చు, అది చివికిపోయేసరికి వేళ్లు పట్టు బిగిస్తాయి. జెల్‌గా ఉండే సైనోఅక్రిలేట్ జిగురు (సూపర్ గ్లూ రకం) ఇంకా సులువు, తడి తగలగానే గట్టిపడుతుంది, ఆరాక చేపలకు హాని చేయదు, కానీ తెల్లటి మరక కొంతకాలం కనిపిస్తుంది. ఆ తరువాత చోటు మార్చడమంటే రాయిని ఎత్తి ఇంకోచోట పెట్టడమే. నెమ్మదిగా పెరిగేవి కనుక వెలుతురు సూటిగా పడితే అనుబియాస్ ఆకుల మీద ఆకుపచ్చ నాచుచుక్కలు గట్టిగా పట్టేస్తాయి, నీడలో ఉంచితే ఆ బెడద తగ్గుతుంది. జావా ఫెర్న్ ఆకు వెనుక వరుసగా కనిపించే ముదురు గోధుమ చుక్కలు తెగులు కావు, సిద్ధబీజాశయాలు, అంటే ఫెర్న్ విత్తనాలకు బదులు వేసే బీజాల తిత్తులు. పాత ఆకుల్లో సూదిబెజ్జాలు పడితే మాత్రం పొటాషియం చాలడం లేదేమో చూడాలి.

వెలుతురు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, టైమర్‌కు అప్పగిస్తే ఇంకా మంచిది. ఇంతవరకు చెప్పిన మొక్కల్లో ఎర్రటి రొటాలాను పక్కన పెడితే వేటికీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తప్పనిసరి కాదు. పెట్టుకుంటే లీటరుకు 30 మిల్లీగ్రాముల దగ్గర ఆపి, రాత్రి మూసేయాలి, చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి.

పెద్ద మార్పు చేసే రోజున నీటిని మూడో వంతుకు దించి, పని ముగిశాక లేచిన మడ్డిని గొట్టంతో లాగేసి, క్లోరిన్ తొలగించిన నీటిని ఒక పళ్లెం మీదుగా నిదానంగా పోస్తాను. ఫిల్టర్‌ను ఆ రోజు ముట్టుకోను, మర్నాడు అమోనియా పరీక్ష మానను. పాత అడుగుపొర నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు, అలాంటి చోట మొత్తం ఒకేసారి తిరగేయకుండా విడతలుగా తీయాలి.

నా ఫిర్యాదు ఒక్క వాలిస్నేరియా మీదే. బద్దీల్లాంటి దాని ఆకులు వెనుకగోడ వెంట చాలా అందంగా ఉంటాయి గానీ, నేల కింద తీగలు పంపి ఎక్కడపడితే అక్కడ పిలకలు వేస్తుంది. మట్టి రేణువుల్లో ఆ తీగను లాగితే పక్కనున్న క్రిప్టోకొరైన్ కుదురు కూడా కదులుతుంది, అందుకే అక్కడి నుంచి దాన్ని పూర్తిగా తీసేశాను. గులక తొట్టిలో ఉంచాను, ముందుకు వచ్చిన పిలకను తీగ దగ్గర కత్తిరించి లాగేయడం అక్కడ చిటికెలో అయ్యే పని.