నెలవారీ అరలు, ఒక స్ప్రెడ్‌షీటు: పన్ను లెక్కల కోసం ఏళ్లుగా వాడుతున్న పద్ధతిపై సమీక్ష

పన్ను రిటర్ను దాఖలు చేసే సమయానికి కాగితాలన్నీ చేతికి అందేలా ఉండాలని కొన్నేళ్లుగా ఒకే పద్ధతిని పాటిస్తున్నాను. పన్నెండు అరలున్న ఒక ఫైలు, ఒక స్ప్రెడ్‌షీటు, ఫోనులో రసీదులను స్కాను చేసే యాప్, సామగ్రి ఇంతే. నా చిన్న వ్యాపారం లెక్కలూ, సొంత ఆదాయం లెక్కలూ వీటితోనే నడుస్తున్నాయి. ఇన్నాళ్ల వాడకంలో నాకు బాగా తెలిసివచ్చింది ఒకటుంది: ఈ పద్ధతికి ప్రాణం యాప్‌లోనూ లేదు, స్ప్రెడ్‌షీటులోనూ లేదు. నెల తిరగగానే బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పద్దుకూ కాగితం ఉందో లేదో సరిచూసుకోవడంలో ఉంది.

రసీదులను ఖర్చు రకాన్ని బట్టి కాక నెలను బట్టి సర్దుతాను. రకాన్ని బట్టి సర్దినప్పుడు ఒకే బిల్లులో రెండు రకాల వస్తువులుంటే దాన్ని ఎక్కడ పెట్టాలో తేలదు. అంతకన్నా ముఖ్యంగా, ఒక రసీదు లేకపోయినా ఆ లోటు కంటికి కనబడదు. నెలవారీ అరకు బ్యాంకు స్టేట్‌మెంటే విషయసూచికగా పనికొస్తుంది కాబట్టి, ఏ చెల్లింపుకు బిల్లు లేదో వెంటనే బయటపడుతుంది, అమ్మినవారిని అడిగి నకలు తెప్పించుకోవడానికి వ్యవధి కూడా ఉంటుంది. ఖర్చు రకం స్ప్రెడ్‌షీటులో ఒక గడిలో రాస్తే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు విడదీసి చూసుకోవచ్చు.

స్కానింగ్ మాత్రం ఏ రోజుది ఆ రోజే చేయాలి. దుకాణాలు ఇచ్చే రసీదులు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి. వాటిలో సిరా ఉండదు. వేడికి రంగు మారే రసాయన పూత మీద అక్షరాలు ఏర్పడతాయి, మళ్లీ వేడికీ, వెలుతురుకూ, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్ల స్పర్శకూ అవే వెలిసిపోతాయి. ఫైలు పేరును సంవత్సరం, నెల, రోజు వరుసలో, అంటే 2024-03-09 అన్నట్టు మొదలుపెడితే, కంప్యూటరు పేర్ల వారీగా పేర్చినా అవి తేదీల క్రమంలోనే నిలుస్తాయి. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పే వరుసే ఇది. యాప్ తనంతట తాను చదివిన అంకెలను మాత్రం నమ్మి వదిలేయలేము. దశాంశ బిందువు జారిపోవడం, తేదీలో రోజూ నెలా తారుమారు కావడం తరచూ చూస్తున్నాను.

స్ప్రెడ్‌షీటులో అసలు శ్రద్ధ పెట్టవలసింది మొత్తాల మీద కాదు, ప్రతి పద్దు స్వభావం మీద. ఖాతాలోకి వచ్చినదంతా ఆదాయం కాదు: సొంత ఖాతాల మధ్య బదిలీలు, తీసుకున్న అప్పు, వెనక్కి వచ్చిన సొమ్ము విడిగా గుర్తించాలి. బయటికి వెళ్లినదంతా ఖర్చూ కాదు. అప్పు వాయిదాలో అసలు వేరు, వడ్డీ వేరు. మనకు డబ్బు ఇవ్వవలసిన కొనుగోలుదారు పన్ను కోసుకుని చెల్లించినా, ఆన్‌లైన్ వేదిక తన కమీషన్ మినహాయించుకుని పంపినా, చేతికి అందిన మొత్తం ఒక్కటే రాస్తే ఆదాయం తక్కువగా కనిపిస్తుంది. కోతకు ముందున్న మొత్తాన్నీ, కోతనూ వేర్వేరు గడులలో రాస్తున్నాను. బిల్లు ఇచ్చిన తేదీకీ డబ్బు అందిన తేదీకీ రెండు గడులు ఉండటం సంవత్సరాంతంలో ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ ఆదాయం ఏ సంవత్సరానికి చెందుతుందో మీ లెక్కల విధానాన్ని బట్టి, అంటే బిల్లు తేదీని లెక్కిస్తారా, డబ్బు అందిన తేదీని లెక్కిస్తారా అన్నదాన్ని బట్టి మారుతుంది.

లోపాలు లేకపోలేదు. నగదు ఖర్చులు స్టేట్‌మెంటులో కనబడవు కనుక వాటికి వేరే చిట్టా తప్పదు. యంత్రాలు, కంప్యూటర్ల వంటి ఆస్తుల బిల్లులకు నెలవారీ అర అసలు పనికిరాదు: తరుగుదల (వాడకంతో ఆస్తి విలువ ఏటా తగ్గడం) లెక్కలకు ఏటా, అమ్మినప్పుడు లాభనష్టాలకు మరోసారి అవే కావాలి. అందుకే వాటిని ఏ సంవత్సరంతోనూ ముడిపడని శాశ్వత ఫోల్డరులో ఉంచుతున్నాను. ఇంటికీ వ్యాపారానికీ కలిపి వాడే ఫోను, ఇంటర్నెట్ బిల్లుల మీద వ్యాపారపు వాటా ఎంతో, దేన్ని బట్టి అంత అనుకున్నామో ఆ నెలలోనే రాసిపెట్టాలి. తరువాత ఎవరైనా అడిగితే చూపడానికి ఆ రాతే ఆధారం.

ఒంటరిగా పనిచేసేవారికీ, లావాదేవీలు కొద్దిగా ఉన్న వ్యాపారాలకూ దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. సరుకు నిల్వలూ, సిబ్బంది జీతాలూ ఉన్నవారు జంటపద్దు విధానంలో, అంటే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే పద్ధతిలో నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరుకే వెళ్లడం మంచిది, ఎందుకంటే ఒంటి పద్దు స్ప్రెడ్‌షీటు తన పొరపాటును తాను పట్టుకోలేదు.