క్యాను తలకిందులా, ప్రెస్ పంపా, రూపాయి బిళ్లా: తాగునీటికి ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల, కె.ఆర్.పురం వైపు ఇల్లు అద్దెకు తీసుకునే మనవాళ్లకు ఓనరు తాళాలు ఇస్తూనే ఒక మాట చెప్తాడు: "బోరు నీళ్లు వాడకానికే, తాగడానికి క్యాను వేయించుకోండి." క్యాను వేసే అబ్బాయి నంబరు కింద కిరాణా కొట్లోనే దొరుకుతుంది. ఆ 20 లీటర్ల క్యానులోంచి గ్లాసులోకి నీళ్లు రప్పించడానికి ఏం కొనాలన్న దగ్గరే ఇంట్లో చర్చ మొదలవుతుంది. క్యానును బోర్లించే డిస్పెన్సరా, మూతి మీద బిగించి నొక్కే ప్రెస్ పంపా, ఛార్జింగ్ పెట్టుకునే చిన్న మోటారా? అసలు క్యాను వేయించుకోవడం మానేసి, వీధి చివర, బిళ్ల వేస్తే నీళ్లిచ్చే కాయిన్ మిషన్ దగ్గర పట్టుకొస్తే పోలేదా?

చూడ్డానికి ఇవన్నీ నిన్నా మొన్నా వచ్చిన ప్లాస్టిక్ సామాన్లే. లోపలి ఉపాయాలు మాత్రం చాలావరకు రెండు వేల ఏళ్ల నాటివి. ఈజిప్టు తీరంలోని అలెగ్జాండ్రియాలో, దాని చుట్టుపక్కల పుట్టినవి. ఆ పాతకాలపు మనుషులు నీళ్ల కంటే గాలి గురించే ఎక్కువ ఆలోచించారు. క్యాను విషయంలోనూ గాలి ఎటునుంచి లోపలికి వెళ్తోందో చూస్తే, ఏ సామాను ఎక్కడ మొరాయిస్తుందో ముందే తెలిసిపోతుంది.

బోర్లించే డిస్పెన్సర్ సంగతి ముందు చూద్దాం. కింద కుళాయి ఉన్న కుండ, దాని మీద తలకిందులుగా క్యాను. క్యాను మూతి కుండలోని నీళ్లలో మునిగి ఉన్నంతసేపు లోపలికి గాలి పోయే దారి లేదు కాబట్టి పైనుంచి నీళ్లు దిగవు. మనం కుళాయి తిప్పితే కుండలో మట్టం తగ్గి మూతి బయటపడుతుంది, గుడగుడమని ఒక బుడగ పైకి పోతుంది, అంతే నీరు కిందికి దిగి మూతిని మళ్లీ మూసేస్తుంది. ఒక పాత్రలో మట్టాన్ని ఎప్పుడూ ఒకేలా ఉంచే ఈ పద్ధతి క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఫైలో అనే గ్రీకు ఇంజనీరు రాసిన వాయు యంత్రాల గ్రంథంలో ఉంది. ఆ గ్రంథం మనదాకా వచ్చింది ఎక్కువగా అరబ్బీ అనువాదాల వల్లే. 9వ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు దాదాపు వంద యంత్రాలు వర్ణిస్తూ పుస్తకం రాసినప్పుడు కూడా ఈ ఉపాయాన్ని రకరకాలుగా వాడుకున్నారు.

దీని గొప్పతనం చాలామంది గమనించరు. క్యాను నిండా ఉన్నా, అడుగంటినా కుళాయి ధార ఒకేలా వస్తుంది. కుళాయికి తగిలే బరువు కుండలోని మట్టానిదే తప్ప పైన క్యానులో ఉన్న నీళ్లది కాదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకోగలరు. కరెంటు అక్కర్లేదు, నొక్కక్కర్లేదు.

మరి లోటేమిటంటే, 20 లీటర్లంటే 20 కిలోలు. దాన్ని నడుం ఎత్తుకు లేపి, ఒలకకుండా తలకిందులు చెయ్యాలి. నడుం పట్టేసినవాళ్లకు, పెద్దవాళ్లకు అయ్యే పని కాదు. క్యాను అబ్బాయి వచ్చినప్పుడే ఇంట్లో పాతది ఖాళీ అవ్వాలన్న రూలు కూడా లేదు కదా! ఇంకోటి, క్యానుకు వెంట్రుకవాసి పగులున్నా సరే, గాలి పైనుంచి దూరిపోతుంది. అప్పుడు మూతిని నీళ్లు మూసినా లాభం లేదు, కుండ పొంగి రాత్రికి రాత్రి వంటిల్లు చెరువవుతుంది. తిరిగి తిరిగి గీతలు పడిన పాత క్యాన్లు వేసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. పైగా లోపలికి వెళ్లే ప్రతి బుడగా ఆ కుండలోంచే వెళ్లాలి. కుండ కడగకపోతే దుమ్ము, చీమలు, కిటికీ పక్కన పెడితే పచ్చటి పాచి, అన్నీ తాగే నీళ్లలోకే.

ఇక ప్రెస్ పంపు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఒక మంగలి కొడుకు ఉండేవాడని రోమన్ రచయిత విట్రూవియస్ చెప్పాడు. తండ్రి దుకాణంలో అద్దాన్ని పైకీ కిందికీ జరపడానికి ఒక గొట్టంలో బరువును వేలాడదీశాడట. బరువు గొట్టంలో జారినప్పుడు లోపలి గాలి నలిగి, చప్పుడు చేస్తూ బయటికి దూకింది. గాలి కూడా ఒక వస్తువే, దాన్ని నొక్కవచ్చు, నొక్కితే తిరిగి తోస్తుంది అన్న ఆలోచన అక్కణ్నుంచే వచ్చిందని కథ. ఆ తర్వాత ఆయన కంచుతో చేసిన పంపులో రెండు సిలిండర్లు, వాటిలో ముషలకాలు, నీరు వెనక్కి పోకుండా కవాటాలు ఉండేవి. ఒకటి పైకి వస్తుంటే ఇంకోటి కిందికి పోతుంది కాబట్టి నీళ్లు ఆగకుండా వస్తాయి. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో హీరో అనే అలెగ్జాండ్రియావాడే అలాంటి పంపుతో మంటలార్పే యంత్రాన్ని వర్ణించాడు. పాత్రలో గాలిని నొక్కి నీళ్లను పైకి చిమ్మించే ఫౌంటెన్ కూడా ఆయన పేరు మీదే ఉంది. మన వంటింటి ప్రెస్ పంపు ఈ ఫౌంటెన్‌కు దగ్గరి చుట్టం. పైనున్న రబ్బరు బుర్రను నొక్కినప్పుడు క్యానులోకి పోయేది గాలి. ఆ గాలి నీళ్ల మీద పడి వాటిని గొట్టంలోకి ఎక్కిస్తుంది.

మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడల్లా దీనితో ఒక గొడవ.

"ఒరేయ్, ఈ పంపు చెడిపోయినట్టుందిరా. నొక్కి నొక్కి చెయ్యి పడిపోతోంది, చుక్క రావట్లా."

"చెడిపోలేదమ్మా, క్యాను అయిపోవస్తోంది, అంతే."

ఆవిడ నమ్మదు. లెక్క వేసి చూస్తే నిజం అదే. క్యాను అడుగు నుంచి గొట్టం వంపు దాకా అర మీటరు లోపు. అంత ఎత్తుకు నీళ్లు లేవాలంటే లోపలి గాలి ఒత్తిడి మామూలు కంటే ఓ 5 శాతం పెరిగితే చాలు. క్యాను నిండా ఉన్నప్పుడు పైన ఖాళీ కాస్తే, నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు కూడా కాస్తే. ఒకటి రెండు నొక్కులకే ధార కడుతుంది. అడుగున రెండు చెంబులు మిగిలినప్పుడు దాదాపు 20 లీటర్ల గాలి ఖాళీ ఉంటుంది. అందులో ఒత్తిడి 5 శాతం పెరగాలంటే ఇంకో లీటరు గాలి అదనంగా కూరాలి. అప్పటిదాకా గొట్టంలో చుక్క రాదు, చేతికి మాత్రం పని. డిస్పెన్సర్‌లో చివరిదాకా ఒకేలా వచ్చే ధార ఇక్కడ రోజురోజుకూ బద్ధకిస్తుంది. నొక్కడం ఆపాక కూడా కాస్త ధార వస్తూనే ఉండటం లోపల కూరిన గాలి చలవే. గ్లాసు నిండకముందే చెయ్యి తీసేయడం అలవాటవ్వాలి.

దీనికి ప్రాణం మూతి దగ్గర రబ్బరు వాషరు. అది వదులైతే గాలి అంతా పక్కనుంచి బుస్సుమని పోతుంది. చాలామంది "పంపు పోయింది" అని పారేసే వాటిలో పోయింది వాషరే. అయినా నేను దీనికే మొగ్గుతాను. క్యాను నేల మీదే ఉంటుంది, ఎవరూ ఏదీ ఎత్తక్కర్లేదు. పగిలిన క్యాను వస్తే వంటిల్లు మునగదు, నీళ్లు రావు, అంతే. ధర రెండు మూడు వందల్లో తేలిపోతుంది.

నీళ్లను తోయడం, పీల్చడం అన్న తేడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే బెంగళూరుకు అది ఇంకాస్త గట్టిగా వర్తిస్తుంది. మన ఊళ్లలో పెరట్లో కొట్టే పాత రకం బోరింగు నీళ్లను పీలుస్తుంది. పీల్చే గొట్టాలతో జంట సిలిండర్ల పంపును అల్ జజరీ అనే ఇంజనీరు 1206లో తన గ్రంథంలో బొమ్మతో సహా వివరించాడు. కానీ పీల్చడానికి ఒక హద్దుంది. దాదాపు 10 మీటర్లు దాటితే పంపు ఎంత లాగినా నీళ్లు రావని గెలీలియో 1638లో రాశాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఆయన శిష్యుడు టోరిచెల్లి, నీళ్లను ఎక్కించేది పంపు కాదు, బయటి గాలి బరువేనని తేల్చాడు. సముద్రమట్టం దగ్గర ఆ హద్దు 10.3 మీటర్లు. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ గాలి పలచన, కాబట్టి హద్దు 9.2 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒంగోల్లో పనిచేసే బోరింగును తెచ్చి ఇక్కడ బిగిస్తే మీటరు తక్కువ లాగుతుంది. అదీ కాగితం మీద లెక్క. నిజంగా కొట్టేటప్పుడు రెండు చోట్లా ఇంకా తగ్గుతుంది. 1970ల్లో మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపు ఈ చిక్కును తప్పించుకున్నది సిలిండర్‌ను బోరులో, నీళ్ల దాకా దించే. అక్కణ్నుంచి పైకి ఎత్తడమే తప్ప పీల్చడం ఉండదు. వెయ్యి అడుగుల బోర్లలో సబ్‌మెర్సిబుల్ మోటారును నీళ్లలో ముంచి పెట్టేదీ అందుకే. ఈ ఊరి నీళ్ల చరిత్రంతా తోయడమే. 1896 నాటికి హెసరఘట్ట నీళ్లను ఆవిరి యంత్రాలతో మల్లేశ్వరం వైపు తోశారు. ఇప్పుడు కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు, మూడు మజిలీల్లో ఎక్కి వస్తున్నాయి. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలయ్యాక మన వైపు కొన్ని వీధులకూ కనెక్షన్లు వచ్చాయి. వచ్చినచోట ఈ వ్యాసం అవసరం సగం తీరినట్టే!

ఛార్జింగ్ మోటారు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బటన్ నొక్కితే నీళ్లు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు వరమే. ఇది ప్రెస్ పంపుకు పూర్తిగా తిరగేసిన రకం. గాలిని కూరదు, నీళ్లనే లాగుతుంది. కాబట్టి క్యానులోకి గాలి వెళ్లడానికి ఎక్కడో సందు ఉండాలి. గట్టిగా ఉంటే మంచిదని మూతి చుట్టూ గుడ్డ చుట్టి బిగించినవాళ్లను చూశాను. మోటారు రొప్పుతుంది, క్యాను బుగ్గలు లోపలికి పీక్కుపోతాయి. ఛార్జింగ్ అయిపోయేది ఎప్పుడూ చుట్టాలు వచ్చిన రోజే. పాడైతే బాగుచేసేవాడూ దొరకడు. ఇది కొన్నా పక్కన ఒక ప్రెస్ పంపు ఉండాల్సిందే. అప్పుడు ఇదెందుకు?

కాయిన్ మిషన్ వేరే జాతి. హీరో గ్రంథంలో, డబ్బు వేస్తేనే నీరొచ్చే పాత్ర ఒకటుంది, గుడిలో పవిత్ర జలం కోసం. ఐదు డ్రాక్మాల నాణెం పైన చీలికలో వేస్తే, లోపల తూకపు కాడ చివరనున్న పళ్లెం మీద పడుతుంది. ఆ బరువుకు కాడ ఒక పక్కకు వంగి రెండో పక్క బిరడా లేస్తుంది, నీళ్లొస్తాయి. పళ్లెం వంగేకొద్దీ నాణెం జారిపోతుంది, బిరడా పడిపోతుంది, నీళ్లు ఆగుతాయి. బెంగళూరు వీధుల్లో శుద్ధ నీటి ఘటకాలు (మన కాయిన్ మిషన్లే) కూడా చాలాకాలం ఐదు రూపాయల బిళ్లకే 20 లీటర్లు ఇచ్చాయి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయినప్పుడు చాలాచోట్ల అది పదయింది.

హీరో పాత్రలో ఒక లోపం ఉంది. అది నీళ్లను కొలవదు, నాణెం జారే సమయాన్నే కొలుస్తుంది. భక్తుడికి దోసిట్లో నాలుగు చుక్కలు ఎక్కువో తక్కువో పట్టింపు ఉండదు. క్యాను పట్టుకునేవాడికి ఉంటుంది. టైమరు మీద నడిచే మిషన్ల జబ్బూ ఇదే. లోపల నీళ్ల ఒత్తిడి తగ్గినరోజు క్యాను మెడ దాకా రాకముందే ఆగిపోతుంది, మా వీధి చివరిది ఎండాకాలంలో ఇలా చాలాసార్లు చేసింది. నిజంగా కొలిచి ఇవ్వడం వేరే విద్య. 1885లో అమెరికాలోని ఫోర్ట్ వేన్‌లో సిల్వానస్ బౌజర్ ఒక కిరాణా కొట్టుకు కిరసనాయిలు పోసే పంపు చేసిచ్చాడు. పిడి లేపితే పీపాలోంచి తగినంతే బయటికి వచ్చేది. పెట్రోలు బంకులో అంకెలు తిరిగే పంపులకు ఆ కిరసనాయిలు పంపే తాత. నీటి మిషన్లలో కూడా టైమరు బదులు ధారను కొలిచే మీటరున్నది దగ్గర్లో ఉంటే దాని దగ్గరికే వెళ్లండి.

ఖర్చు చూస్తే కాయిన్ మిషన్‌ను ఏదీ కొట్టలేదు. కానీ ఆ 20 కిలోలను స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ల మీదుగా తెచ్చి, లిఫ్టు లేని మూడో అంతస్తుకు మోసేది మనమే. గ్రౌండ్ ఫ్లోరులో ఉండే కుర్రాళ్లకు అది మేలు. మూడో అంతస్తులో ఇద్దరే ఉండే ఇంటికి క్యాను అబ్బాయే మేలు.

పీజీ, మెస్సు, ఆఫీసు లాంటి చోట బోర్లించే డిస్పెన్సరే పెట్టాలి. రోజుకు నాలుగు క్యాన్లు తాగే చోట ప్రెస్ పంపు నొక్కుతూ కూర్చుంటే పని నడవదు, ఎత్తడానికి చేతులు కూడా అక్కడ బోలెడు ఉంటాయి. కుండ కడగడం ఎవరి వంతో ముందే తేల్చుకోవాలి. ఇంటికైతే, అందులోనూ పెద్దవాళ్లున్న ఇంటికైతే, ప్రెస్ పంపే. కొట్లో కొనేటప్పుడు వాషరు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. గొట్టం చివర క్యాను అడుగుకు అతుక్కుపోకుండా ఏటవాలుగా కోసి ఉందో చూడండి, లేకపోతే ఇంట్లో కత్తెరతో మీరే కోసుకోండి. అతుక్కున్న గొట్టంలోకి ఎంత నొక్కినా నీళ్లు ఎక్కవు.