దూరం నుంచి స్నీక్ అటాక్: ఆరేళ్లు షార్ట్‌బోతో ఆడాక

పాచికలు వేస్తూ పాత్రలుగా కథ ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌లో ఆరేళ్లుగా నాది రోగ్ (చాటుగా దెబ్బతీసేవాడి) పాత్రే, అదీ షార్ట్‌బో (చిన్న విల్లు) పట్టిన రోగ్. మా ఆటలో ఇంకే రూలు మీదా జరగనంత వాదన ఈ ఒక్కదాని మీద జరిగింది: దూరం నుంచి వేసిన బాణానికి స్నీక్ అటాక్, అంటే "చాటు దెబ్బ" పేరుతో రోగ్‌కి దొరికే అదనపు దెబ్బ పాచికలు, ఎప్పుడు వస్తుంది? ఇప్పటికి నా అభిప్రాయం గట్టిపడింది. రూలు చక్కగా రాశారు, పేరే తప్పుదారి పట్టిస్తోంది.

మొదటి రోజుల్లో మా ఫైటర్ (యోధుడి పాత్ర) ఓగర్ అనే భారీ రాక్షసుడితో తలపడుతుంటే, నేను 60 అడుగుల దూరంలో బాహాటంగా నిలబడి బాణం వేశాను. తగిలింది. అదనపు డైస్ (పాచికలు) చేతిలోకి తీసుకోగానే డీఎం (ఆట నడిపేవారు) ఆపేశారు. "నువ్వు దాక్కోలేదు కదా, అది నిన్ను చూస్తూనే ఉందిగా?" నిజమే అనుకుని ఊరుకున్నాను. తర్వాత నిదానంగా చదివితే, దాక్కోవాలన్న షరతే అక్కడ లేదు. ఆయుధం ఫైనెస్‌దో (బలం బదులు చురుకుదనంతో వాడగలిగేది) రేంజ్డ్‌దో (దూరం నుంచి వేసేది) అయ్యుండాలి. అటాక్ రోల్‌కి (దెబ్బ తగిలిందా అని వేసే పాచికకి) అడ్వాంటేజ్ ఉండాలి, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం. అది లేకపోతే, లక్ష్యానికి 5 అడుగుల లోపు దాని శత్రువు ఇంకొకరు ఇన్‌కెపాసిటేటెడ్ (ఏమీ చేయలేని స్థితి) కాకుండా ఉండాలి, నా రోల్‌కి డిస్అడ్వాంటేజ్ (రెండు వేసి చిన్నది తీసుకోవడం) ఉండకూడదు. ఓగర్ ధ్యాస ఫైటర్ మీద ఉంది, నా బాణం ఆ సందు చూసుకుని దిగింది. రూలు చెప్పేది ఇదే.

ఆ రెండో దారిలో ప్రతి మాటకీ బరువుంది. 2014 పుస్తకంలో "దాని శత్రువు" అన్నారు, "నీ మిత్రుడు" అనలేదు (2024 సవరణలో అది "నీ మిత్రుడు" అయింది). 2014 రూలు ప్రకారం రెండు రాక్షస జీవులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నా నాకు డైస్ వస్తాయి. అదే మా ఫైటర్ గ్లేవ్ (పొడవాటి కర్రకి కత్తి బిగించిన ఆయుధం) పట్టుకుని 10 అడుగుల దూరం నుంచి పొడుస్తుంటే రావు. ఈ సంగతి తెలిశాక మేం యుద్ధంలో నిలబడే తీరే మారిపోయింది.

పాత ఆటగాళ్లు "30 అడుగులు దాటితే చెల్లదు" అంటారు. అది ఈ ఆట 3.5 ఎడిషన్‌లోనూ, దాని నుంచి పుట్టిన పాత్‌ఫైండర్ ఆట మొదటి ఎడిషన్‌లోనూ ఉన్న హద్దు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో లేదు. ఇక్కడ అడ్డుపడేది ఆయుధం రేంజే: షార్ట్‌బోకి 80 అడుగులు దాటితే డిస్అడ్వాంటేజ్, 320 దాటితే అసలు వేయలేం. నన్ను చూడగలిగే శత్రువు 5 అడుగుల లోపుకి వచ్చినా డిస్అడ్వాంటేజే, నేను గురిపెట్టింది వేరే వాడికైనా సరే.

నాకు బాగా నచ్చిన చిక్కుముడి ఒకటుంది. 200 అడుగుల దూరంలో, శత్రువుకి కనిపించకుండా చీకట్లోంచి వేశాననుకోండి. దూరానికి డిస్అడ్వాంటేజ్, కనబడనందుకు అడ్వాంటేజ్. రెండూ చెల్లిపోతాయి, అంటే నా రోల్‌కి ఏదీ లేనట్టే లెక్క. అప్పుడు మా ఫైటర్ లక్ష్యం పక్కన ఉంటే స్నీక్ అటాక్ వస్తుంది. దీన్ని ఒప్పించడానికి నాకు రెండు సెషన్లు పట్టింది.

విసిరిన బాకుకి వస్తుంది, ఎందుకంటే బాకు ఫైనెస్ ఆయుధం. విసిరిన చేతిగొడ్డలికి రాదు.

స్నీక్ అటాక్ "టర్న్‌కి (ఒక్కొక్కరి వంతుకి) ఒకసారి" అన్నదాన్ని చాలామంది రౌండ్‌కి (అందరి వంతులూ ఒకసారి పూర్తయ్యేలోగా) ఒకసారి అని చదువుతారు. బ్యాటిల్ మాస్టర్ రకం ఫైటర్ తన టర్న్‌లో కమాండర్స్ స్ట్రైక్ అనే ఎత్తుతో నా చేత రియాక్షన్‌గా (నా వంతు కాకపోయినా) బాణం వేయిస్తే, షరతులు కుదిరినప్పుడు ఆ టర్న్‌లోనూ డైస్ వేస్తాను. 5వ లెవెల్‌లో అది అదనంగా 3డి6 (ఆరు ముఖాల పాచికలు మూడు), చిన్న విషయం కాదు.

నాకు అసంతృప్తి మిగిలింది దాక్కోవడం దగ్గర. రెండో లెవెల్ నుంచి రోగ్‌కి వచ్చే కన్నింగ్ యాక్షన్ అనే శక్తితో ప్రతి టర్న్ దాక్కోవచ్చు. కానీ ఒకే స్తంభం వెనక నుంచి నాలుగోసారి తొంగి చూసినా శత్రువు ఏమరుపాటుగానే ఉంటాడా? 2014 పుస్తకం దాన్ని చాలావరకు డీఎంకి వదిలేసింది. 2024 సవరణ చీకటిలాంటి దట్టమైన మరుగో, కనీసం త్రీ-క్వార్టర్స్ కవరో (ముప్పావు వంతు అడ్డు) ఉండాలనీ, స్టెల్త్ (దాక్కునే నేర్పు) పాచికకి కనీసం 15 రావాలనీ చెప్పినా, స్తంభం పక్కకి జరిగిన క్షణం ఎవరు చూశారన్నది ఇంకా తేలలేదు. అందుకే మూడో లెవెల్‌లో స్టెడీ ఎయిమ్ (నిలకడగా గురిపెట్టే శక్తి) వచ్చినప్పటి నుంచి, లక్ష్యం పక్కన మావాళ్లెవరూ లేనప్పుడు దాన్నే వాడుతున్నాను. ఆ టర్న్‌లో కదలకుండా నిలబడితే అడ్వాంటేజ్ దొరుకుతుంది, స్తంభం గురించి ఎవరినీ అడగక్కర్లేదు.