బాత్‌రూమ్ యాసిడ్‌కు బదులు నిమ్మ ఉప్పు: ఏళ్ల వాడకం తర్వాత

బోరు నీళ్లు వాడే ఇంట్లో కుళాయిల మీద, టైల్స్ మీద, కమోడ్ అంచుల్లో పేరుకునే తెల్లటి పొర ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. సబ్బుకీ ఫినాయిల్‌కీ అది లొంగదు, ఆమ్లం పడితేనే కరుగుతుంది. ఏళ్ల తరబడి యాసిడ్ బదులు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వాడాక చెబుతున్నాను: నెలకు రెండుసార్లు కడుక్కునే ఇంటికి యాసిడ్ సీసా అక్కర్లేదు. ఏళ్లుగా గట్టిపడిన పొర మీద మాత్రం ఇది నెమ్మది, రెండు మూడు విడతలు పడుతుంది. ఖర్చూ యాసిడ్ కంటే ఎక్కువే. కానీ ముక్కు పగిలే పొగలుండవు, స్టీలు కుళాయిలకు గుంటలు పడవు.

లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు చాలు. మరిగే నీళ్లలో కలపొద్దు. వేడికి కాల్షియం సిట్రేట్ తెల్లటి పొడిగా విడిపోయి మళ్లీ అక్కడే అంటుకుంటుంది, ఇక దాన్ని గీకాల్సిందే. "వాడాం, పని చేయలేదు" అనేవాళ్లలో చాలామంది స్ప్రే కొట్టి వెంటనే తుడిచేస్తారు. ఇది చేసే పనంతా నానడంలోనే ఉంది. గోడ టైల్స్‌కి పాత నూలు గుడ్డ తడిపి అంటించి, అరగంట ఆగి బ్రష్‌తో రుద్దండి. షవర్‌కి అదే నీళ్లు పోసిన పాలిథీన్ కవర్ తొడిగి, రబ్బర్ బ్యాండ్ వేసి గంట ఉంచండి. రాత్రంతా ఉంచితే క్రోమ్ పూత మసకబారవచ్చు. కమోడ్‌లో నిలిచిన నీళ్లను బ్రష్‌తో లోపలికి నెట్టేసి, 100 గ్రాములు నేరుగా అంచుల చుట్టూ చల్లి రాత్రంతా వదిలేయండి. బోరు నీళ్ల ఇనుప మరకలు కూడా ఇలాగే వదులుతాయి, కాస్త ఆలస్యంగా.

రాతి గచ్చు మీద మాత్రం చుక్క కూడా పడనీయకండి. తాండూరు, షాబాద్, కడప బండలన్నీ సున్నపురాయే. పాలరాయీ ఆ జాతిదే. వాటి మీద బుసబుస నురగ వస్తే మురికి పోతోందని మురిసిపోవద్దు, కరిగేది రాయే. ఒకసారి పాలిష్ పోయాక మళ్లీ మిషన్ పెట్టించాల్సిందే. నిమ్మచెక్కా వెనిగరూ చేసేది కూడా ఇదే. టైల్స్ మధ్య సిమెంటు గీతలకూ కొంత నష్టం ఉంటుంది. ముందు మామూలు నీళ్లతో తడిపితే అవి ఆమ్లాన్ని తక్కువ పీల్చుకుంటాయి.

సహజమైనదే కదా అని దీన్ని బ్లీచింగ్ పౌడర్‌తోనో, బ్లీచ్ ద్రవంతోనో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ విషయంలో నిమ్మ ఉప్పుకీ యాసిడ్‌కీ తేడా లేదు. తలుపు వేసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నల్లటి బూజుకి బ్లీచ్ కావాలంటే వేరే రోజు, బాగా కడిగిన నేల మీద, కిటికీ తెరిచి వాడండి. వంట సోడాతో కలపడం ప్రమాదం కాదు గానీ దండగ. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది నురగే. వంటింటి జిడ్డుకు ఆమ్లం పనికిరాదు, దానికి వేడినీళ్లలో చాకలి సోడా కావాలి. అల్యూమినియం గిన్నెలకు ఆ సోడా తగలనివ్వకండి, నల్లబడతాయి.

నిమ్మ ఉప్పు పొడి చూడ్డానికి పంచదారలా ఉంటుంది. వంటింటి అరలో కాకుండా, పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బాలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. తేమ తగిలితే గడ్డకడుతుంది. కలిపిన నీళ్లు నిలవుంచితే బూజు పడతాయి కాబట్టి ఏ పూటకాపూట కలుపుకోవాలి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. కంట్లో పడితే కుళాయి నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో పాత యాసిడ్ మిగిలి ఉంటే కూల్‌డ్రింక్ సీసాలోకి ఎన్నడూ మార్చొద్దు. పిల్లలు తాగేది అలాంటి సీసాల్లోంచే. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వస్తూ వస్తూ అది గొంతును మళ్లీ కాలుస్తుంది. 108కి ఫోన్ చేసి, సీసాను వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. మిగిలిన యాసిడ్‌ను కమోడ్‌లోనే, వేరే ఏదీ కలపకుండా, కొద్దికొద్దిగా వాడి ఖాళీ చేసి, సీసాను మూడుసార్లు కడిగి పారేయండి.