చెరువు గట్టు మీద పీఎఫ్‌సెన్స్: ఆ ఒక్క గడి కోసమైనా ఉంచుకుంటాను

ఉండి దగ్గర మా వనామీ రొయ్యల చెరువుల షెడ్డులో పీఎఫ్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసిన చిన్న ఫైర్‌వాల్ పెట్టె (ఇంటర్నెట్ రాకపోకలకు కాపలా కాసేది) చాలాకాలంగా నడుస్తోంది. రూల్స్, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు నెట్‌వర్కులను కలిపే భద్రమైన దారి), కెమెరాలకు వేరే నెట్‌వర్క్ గురించి చదివేవాళ్లకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌కి వెళ్లే దారి) సెట్టింగుల్లో మానిటర్ ఐపీ అని ఒక గడి ఉంటుంది. లైను బతికుందో లేదో తెలుసుకోవడానికి పెట్టె ఏ అడ్రసును పలకరించాలో అందులో రాస్తాం. ఈ పెట్టె మీద నాకున్న ఇష్టమంతా దానివల్లే.

షెడ్డుకి ఫైబర్ ఉంది, అది పోతే 4జీ సిమ్ ఉంది. తెల్లవారుజామున చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయే వేళ, నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ ఆగితే ఫోన్‌కి అలర్ట్ రావాలి. మబ్బు పట్టిన రోజైతే మరీనూ. ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోతుంది, పెట్టుబడి మొత్తం పోతుంది. అందుకే రెండో లైను.

వానాకాలంలో ఒక రాత్రి భీమవరంలో ఇంట్లో ఉండగా షెడ్డు మొత్తం ఆఫ్‌లైన్ అయిపోయింది. కాపలా అతనికి ఫోన్ చేస్తే, "బాబుగారూ, డబ్బా మీద లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయండి" అన్నాడు. అతను చెప్పింది నిజమే. మోడెం బాగానే ఉంది, దానికి అవతల ఎక్కడో లైను పోయింది. అయినా పెట్టె 4జీకి మారలేదు. మానిటర్ ఐపీ ఖాళీగా ఉంటే అది గేట్‌వేనే పింగ్ చేస్తూ (చిన్న సందేశం పంపి జవాబు వస్తోందా అని చూస్తూ) ఉంటుంది. మాకు గేట్‌వే అంటే పక్క బల్ల మీదున్న మోడెం, 192.168.1.1. ఇంటి ముందు బోదెలో నిలవ నీళ్లు చూసి ధవళేశ్వరంలో కాలువ వదిలారనుకోవడం లాంటిదది. ఆ రాత్రి కాపలా అతను తెల్లారేదాకా ఏరేటర్ల దగ్గరే కూర్చున్నాడు, నేను గంటగంటకీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మర్నాడు ఫైబర్‌కి 8.8.8.8, 4జీకి 1.1.1.1 మానిటర్ ఐపీలుగా ఇచ్చాను; రెండూ బయట ఇంటర్నెట్‌లో ఉండే పబ్లిక్ సర్వర్లు. రెంటికీ ఒకటే ఇస్తే ఒప్పుకోదు. అప్పటినుంచి అరసెకనుకొకసారి బయటి ప్రపంచం దాకా వెళ్లి చూసి వస్తుంది. నిమిషం సగటులో జవాబు రాని పింగులు 20 శాతం దాటితే లైను పోయినట్టే లెక్క. అంటే పూర్తిగా తెగిపోయిన లైనును దాదాపు పావు నిమిషంలో పట్టేస్తుంది. తర్వాత ఫైబర్ పోయినప్పుడు నేను గమనించేలోపే "గేట్‌వే డౌన్" అని 4జీ మీదుగా మెసేజ్ వచ్చింది. ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

లైను మారింది సరే, అప్పటికి తెరిచి ఉన్న కనెక్షన్లు మాత్రం తెగిపోతాయి. కెమెరా యాప్ మూసి మళ్లీ తెరవాలి. ఫైబర్ తిరిగొచ్చాక కొత్త కనెక్షన్లు దాని మీదికి వెళ్తాయి కానీ, 4జీ మీద మొదలైనవి అక్కడే ఉండిపోతాయి. క్లౌడ్‌కి పంపే కెమెరా అయితే సిమ్ డేటా తాగేస్తుంది. అప్పుడు స్టేట్స్ (తెరిచి ఉన్న కనెక్షన్ల గురించి పెట్టె గుర్తుపెట్టుకున్న లెక్క) రీసెట్ చేయాల్సిందే. సాయంత్రాలు 4జీలో జాప్యం ఎక్కువ కాబట్టి జవాబు 500 మిల్లీసెకన్లు దాటితే లైను పోయినట్టు లెక్కేసే హద్దు దానికి చాలలేదు, పెంచాను. ఇంకోటి: మానిటర్‌గా ఇచ్చిన ఐపీ ఆ లైనుకే కట్టుబడిపోతుంది. షెడ్డు లాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌గా (సైట్ల పేర్లకు అడ్రసు చెప్పే సర్వరుగా) కూడా 8.8.8.8 ఉంటే, ఫైబర్ పోగానే పేజీలేవీ తెరుచుకోవు. సిమ్‌కి సొంత పబ్లిక్ ఐపీ రాదు కాబట్టి బయటినుంచి నేరుగా లోపలికి వెళ్లడం కుదరదు. మా వీపీఎన్ షెడ్డు నుంచే ఇంటికి కనెక్ట్ అవుతుంది.

మాకు ఇది కుదిరిందంటే షెడ్డులో ఇన్వర్టర్ ఉంది, సిగ్నల్ బాగుంది, ఇలాంటివి తెలిసిన బావమరిది పక్క ఊళ్లోనే ఉన్నాడు. గట్టు మీదే కాపురం ఉండే రైతుకి ఇంత అవసరం లేకపోవచ్చు. దూరం నుంచి చెరువు చూసుకునేవాళ్లు మాత్రం ఏ కంపెనీ పెట్టె కొన్నా, అది దేన్ని పింగ్ చేస్తోందో ముందు చూడండి.