షెడ్యూల్ సెండ్: నాలుగేళ్ళు వాడాక

చాట్ యాప్ మొత్తం గురించి ఇక్కడ రాయడం లేదు, అందులో ఒక్క బటన్ గురించే. ఇప్పుడు రాసిన మెసేజ్ తర్వాతెప్పుడో వెళ్ళేలా పెట్టే బటన్. జీమెయిల్‌లో 2019 నుంచే ఉంది, తర్వాత ఆఫీసు చాట్ యాప్‌లైన స్లాక్‌కీ టీమ్స్‌కీ వచ్చింది.

సాఫ్ట్‌వేర్ పని మాది. నేను హైదరాబాద్‌లో, మా టీమ్ లీడ్ అమెరికాలో, సియాటిల్‌లో. వేసవిలో నాకు పొద్దున 11 అయితే ఆవిడకి ముందురోజు రాత్రి 10:30. చిన్న డౌటు అడిగినా పాపం పడుకోబోతూ జవాబిచ్చేవారు. ఈ బటన్ చేతికొచ్చాక రాత్రి 9:30కి పెట్టేవాణ్ణి, ఆవిడ ఆఫీసులో కూర్చునేసరికి చేరేది. నవంబర్‌లో వాళ్ళ గడియారాలు వెనక్కి జరిగితే 10:30కి మార్చుకోవాలి. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలని కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.

చాలదని ఒక శ్రావణ శుక్రవారం తెలిసొచ్చింది. సాయంత్రం 4కి "టెస్టులన్నీ పాసయ్యాయి, రిలీజ్ చేసేయండి" అని రాసి 9:30కి పెట్టాను. 7కి పోలండ్‌లో, క్రాకోలో ఉన్న మా టెస్టర్ ఇన్‌వాయిస్‌లలో పన్ను రౌండింగ్ తప్పు పట్టుకుంది. కాల్‌లో మాట్లాడుకుని రిలీజ్ ఆపేద్దామనుకున్నాం. నా మెసేజ్ వెళ్ళాల్సిన చాట్ థ్రెడ్‌లోనే ఆమె "ఆపండి" అని రాసింది. నేను ల్యాప్‌టాప్ కారులో పడేసి పెళ్ళికి వెళ్ళిపోయాను.

9:30కి నా మెసేజ్ బయల్దేరింది. సరిగ్గా ఆ "ఆపండి" కింద. పక్కన టైము 9:30 అనే ఉంటుంది, నాలుగింటికి రాసిందని ఎక్కడా కనపడదు. చూసేవాళ్ళకి గొడవ తీరిపోయి నేను పచ్చజెండా ఊపినట్టే. మా లీడ్ రిలీజ్ చేసేశారు. ఆవిడ తప్పేముంది? 10:40కి ఫోన్ మోగేసరికి నేను భోజనాల బంతిలో ఉన్నాను, విస్తట్లో అప్పుడే పులిహోర పడింది. ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద పాత వెర్షన్ వెనక్కి తెచ్చేసరికి ఒంటిగంట. జీలకర్ర బెల్లం కూడా చూడలేదు.

ఇప్పటికీ వాడతాను. కాకపోతే సెలవు సంగతో, తీరిగ్గా చదవాల్సిన డాక్యుమెంటో అయితేనే. మొదటి లైన్లో "సాయంత్రం 4కి రాసింది" అని వేస్తాను. రిలీజ్ మాట టికెట్‌లో, అంటే ఆ పని వివరాలు నమోదయ్యే చోట రాస్తాను, లేదా రాత్రి కాల్ చేసి చెప్తాను. నాకు ఆ టైముకి కూర్చునే వీలుంది కాబట్టి సరిపోయింది. చంటిపిల్లలున్న మా టీమ్‌వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళకి ఈ బటనే దిక్కు. క్రాకోతో తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. అటువైపు నేను దీన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు.