చిన్న స్నానాలగదిలో గోడకు బిగించే వ్యానిటీ: ఎనిమిది నెలల వాడకం తరువాత

మా స్నానాలగది 150 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందులో ఇంతకాలం నేల మీద నిలబడే పాత వ్యానిటీ, అంటే పైన బేసిన్, కింద సామాను పెట్టుకునే చోటు ఉన్న పెట్టె, ఉండేది. పార్టికల్ బోర్డుతో (చెక్క తునకలను జిగురుతో నొక్కి చేసే పలక) చేసిన దాని అడుగు అంచు తడికి నాని, అట్టలా ఉబ్బి పొరలుగా ఊడిపోయింది. దాని ఒంటి తలుపు పూర్తిగా తెరుచుకోకముందే కమోడ్‌కు తగిలి ఆగిపోయేది. దానిని తీసివేసి, గోడకు బిగించే రెండు సొరుగుల వ్యానిటీని పెట్టించుకొని ఎనిమిది నెలలయింది.

కొత్తదాని వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 38. పాతదాని వెడల్పు కూడా అంతే గాని లోతు 52. గోడ నుంచి కమోడ్ అంచు వరకు ఉన్న దూరం 110 సెంటీమీటర్లు కాబట్టి, ఇదివరకు నిలబడడానికి 58 సెంటీమీటర్లే మిగిలేవి, ఇప్పుడు 72 ఉన్నాయి. కాగితం మీద ఈ తేడా జానెడు కూడా కాదు. అయితే ముఖం కడుక్కోవడానికి వంగినప్పుడు వెనక కమోడ్ తగలకపోవడం, ఒకరు పళ్లు తోముకుంటుండగా మరొకరు పక్కకు ఒదిగి బయటికి వెళ్లగలగడం ఈ 14 సెంటీమీటర్ల వల్లనే సాధ్యమయ్యాయి. దుకాణాలలో వెడల్పును బట్టే నమూనాలు చూపిస్తారు. ఇరుకు గదికి మాత్రం ముందుగా అడగవలసిన కొలత లోతే.

పెట్టె మొత్తం పీవీసీ అనే ప్లాస్టిక్ బోర్డుతో చేసినది. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసే పలక) నునుపుగా, అందంగా ఉంటుంది గాని, అంచుకు అతికించిన పట్టీ ఎక్కడైనా లేచిందంటే అక్కడి నుంచే నీరు పీల్చుకొని ఉబ్బుతుంది. పీవీసీకి ఆ బెడద లేదు. ఆ విలువ మాకు బిగించే రోజునే తెలిసింది. పై సొరుగు వెనక భాగంలో, బేసిన్ కింది ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా కొంత నీరు నిలిపి ఉంచే పైపు భాగం) పట్టడానికి మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో ఖాళీ వదిలారు. మా గోడలోని మురుగు పైపు నోరు నడిమికి 7 సెంటీమీటర్లు ఎడమగా ఉంది. మాది సీసా ఆకారంలో ఉండే బాటిల్ ట్రాప్, దాని మూతిని ఎటైనా తిప్పుకోవచ్చు గనుక ప్లంబరు దానిని ఎడమకు తిప్పి కలిపాడు, కాని సొరుగు లోపలికి తోయగానే ఆ అడ్డపైపుకు కొట్టుకుంది. చివరికి సొరుగు వెనక పలకను మరికొంత కోయవలసి వచ్చింది. అదే ఎండీఎఫ్ అయి ఉంటే కోసిన అంచుకు మళ్లీ రక్షణ పూత వేయక తప్పేది కాదు. తయారీదారు ఇచ్చిన కాగితంలో బయటి కొలతలు తప్ప, ఈ ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక్క గీత కూడా లేదు. ఈ వస్తువులో నేను ఎత్తిచూపే అతిపెద్ద లోపం ఇదే.

గోడకు బిగించడానికి పెట్టెతో వచ్చిన సన్నని ప్లాస్టిక్ ప్లగ్గులను ప్లంబరు పక్కన పడేశాడు. ఖాళీ వ్యానిటీ బరువుకు బేసిన్, సొరుగులలోని సామాను, దాని అంచున చేతులానించి వంగే మనిషి భారం తోడవుతాయి కాబట్టి, అతడు గట్టి ఇటుక గోడలోకి పొడవైన యాంకర్ బోల్టులు దించాడు. గుల్ల ఇటుకల గోడ అయితే వేరే రకం బిగింపులు కావాలని కూడా చెప్పాడు. టైలు దాటేవరకు డ్రిల్‌లో హ్యామర్ (సుత్తిలా కొడుతూ తొలిచే అమరిక) వాడకపోవడం వల్ల ఒక్క టైలు కూడా పగలలేదు. గోడకు, బేసిన్‌కు మధ్య సిలికాన్ పూసిన తరువాత 24 గంటలు నీళ్లు తగలనివ్వలేదు.

వాడకంలో మరో రెండు చికాకులు కనిపించాయి. బేసిన్ గుంత లోతు 10 సెంటీమీటర్లే కావడం వల్ల, కుళాయి పూర్తిగా తిప్పితే చొక్కా తడుస్తుంది. పాత కుళాయినే ఉంచడం మా పొరపాటు. దాని మూతి పొడవుగా ఉండి, ధార నేరుగా నీరు పోయే రంధ్రం మీది జాలీ మీద పడేది. ధార గుంత వాలు మీద పడేలా పొట్టి మూతి కుళాయిని మార్చాక చిందడం చాలావరకు తగ్గింది. రెండవది, సొరుగుల పట్టాలకు వేసిన స్క్రూలపై ఐదో నెలలోనే తుప్పు చుక్కలు వచ్చాయి. పట్టాలు మాత్రం బాగానే ఉన్నాయి, సొరుగులు ఇప్పటికీ చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. స్క్రూలను మేమే స్టెయిన్‌లెస్ స్టీలువి వేసుకున్నాము.

కింద నేల ఖాళీగా ఉండడంతో గోడ మూల వరకు తుడవడం వీలవుతోంది. పాత పెట్టె వెనక పేరుకున్న నల్లటి బూజు మళ్లీ కనిపించలేదు. మళ్లీ కొనవలసి వస్తే ఇదే లోతు, ఇదే బోర్డు ఎంచుకుంటాను గాని, సొరుగులు కాకుండా తలుపులున్న నమూనా తీసుకుంటాను. తలుపుల వెడల్పు ఒక్కొక్కటి 30 సెంటీమీటర్లే గనుక కమోడ్‌కు తగలవు, లోపల ట్రాప్ ఎటు తిరిగి ఉన్నా వాటికి అడ్డు రాదు.